యూరిన్ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది, అమ్మకు మందెందుకు వద్దన్నారు?

మీ ప్రశ్నలు నాకు అర్థమైనంతవరకు ఇవీ. మీకు 34 ఏళ్లు, ఏడాదిలో మూత్రంలో మంట రావడం ఇది మూడోసారి. రెండోసారి వచ్చినప్పుడు రాసిచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుని, తగ్గింది కదా అని ఆపేశారు. ఈసారి ఆ మిగిలిన మాత్రలే వేసుకున్నారు, తగ్గలేదు. డాక్టర్ దగ్గరికి వెళితే శాంపిల్ కల్చర్‌కి, అంటే బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకి పంపి, రిపోర్టు రాకముందే వేరే మందు మొదలుపెట్టారు. శుభ్రత లేకే ఇలా వస్తోందని ఇంట్లో అంటున్నారు, అది నిజమా? ఇది కిడ్నీలకు పాకుతుందా? 68 ఏళ్ల మీ అమ్మగారికి ఏ బాధా లేదు, మామూలు చెకప్‌లో కల్చర్ చేస్తే ఈ.కోలై అనే బాక్టీరియా మిల్లీలీటర్‌కి లక్షకు పైగా అని వచ్చింది, అయినా మందు అక్కర్లేదన్నారు. మీకేమో రిపోర్టు లేకుండానే ఇచ్చారు. ఈ తిరకాసు ఏమిటి?

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, మిగతా వాటి ముడి కూడా అక్కడే ఉంది. మీ డాక్టరూ, మీ అమ్మగారి డాక్టరూ ఇద్దరూ సరిగ్గానే చేశారు. మూత్రంలో బాక్టీరియా ఉండటం వేరు, ఇన్ఫెక్షన్ ఉండటం వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం కంగారు ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే.

ప్రాక్టీస్ మొదలుపెట్టకముందు నేను కొన్నాళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. పొద్దున్నే ట్రేల నిండా డబ్బాలు వచ్చేవి. ఒక్కో డబ్బాలో సన్నటి లూప్, అంటే కొసన చిన్న ఉంగరమున్న తీగ ముంచి సరిగ్గా ఒక మైక్రోలీటర్, అంటే మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు తీసి, అగర్ ప్లేటు, అంటే బాక్టీరియా పెరిగేందుకు జెల్లీ లాంటి ఆహారం పోసిన ప్లేటు మీద అటూ ఇటూ గీసేవాళ్లం. రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచితే మర్నాటికి ప్లేటు మీద చుక్కలు లేస్తాయి. మెకాంకీ అనే రకం అగర్ మీద ఈ.కోలై అయితే గులాబీ రంగు చుక్కలు. క్లెబ్సియెల్లా అనే ఇంకో బాక్టీరియా కూడా గులాబీయే, కాకపోతే తాకితే జిగటగా తీగ సాగుతుంది. ఒక్కో చుక్క ఒక్క బాక్టీరియా సంతానం అన్న లెక్కన, నూరు చుక్కలు కనిపిస్తే మిల్లీలీటర్‌కి లక్ష అని రిపోర్టులో రాస్తాం. మీరు చూసి భయపడే ఆ లక్ష, ఇలా గాజు మూత కింద నూరు చుక్కలు లెక్కపెట్టగా వచ్చింది.

ఈ లక్ష అనే గీతకీ ఒక కథ ఉంది. 1956లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ డాక్టర్, కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో ఉన్న స్త్రీల మూత్రాన్నీ, ఏ లక్షణాలూ లేని స్త్రీల మూత్రాన్నీ పోల్చి, బయటి చర్మం నుంచి కలిసిన బాక్టీరియా ఏది, లోపల నిజంగా పెరుగుతున్నది ఏది అని విడదీయడానికి ఆ గీత గీశాడు. తర్వాత 1982లో వాల్టర్ స్టామ్ బృందం మంటతో వచ్చిన యువతులను పరీక్షిస్తే, మిల్లీలీటర్‌కి నూరు ఉన్నా నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చని తేలింది. కాబట్టి మంట ఉన్న మనిషిలో వెయ్యి కూడా ఎక్కువే కావచ్చు, బాధ లేని మనిషిలో లక్ష కూడా ఏమీ కాకపోవచ్చు. అంకె ఒక్కటీ చూసి తీర్పు చెప్పలేం.

మీ అమ్మగారిది ఆ రెండో రకం. లక్షణాలు లేకుండా మూత్రంలో బాక్టీరియా ఉండటం వయసు పైబడిన స్త్రీలలో చాలా మామూలు. వృద్ధాశ్రమాల్లో ఉండే స్త్రీలను పరీక్షిస్తే నూటికి పాతిక నుంచి యాభై మందిలో కనిపిస్తుంది. వాళ్లకు మందిస్తే రిపోర్టు కొన్నాళ్లు శుభ్రపడుతుంది, మళ్లీ పెరుగుతాయి, ఈసారి ఆ మందుకు లొంగనివి. కిడ్నీలకు ఒరిగేదేమీ లేదు, ఆయుష్షు పెరిగేదీ లేదు. పైగా పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే యువతుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, లక్షణాలు లేనప్పుడు కనిపించిన బాక్టీరియాకు మందిచ్చినవాళ్లలోనే తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువొచ్చాయి. లోపల గొడవ చేయకుండా కూర్చున్న బాక్టీరియా, గొడవ చేసేవాటికి చోటివ్వకుండా ఆపుతోందని దానికి చెప్పే కారణం. నేను చదువుకునే రోజుల్లో ఎవరైనా ఈ మాట అంటే నవ్వేవాళ్లం.

బాధ లేకపోయినా మందివ్వాల్సిన సందర్భాలు ముఖ్యంగా రెండు. ఒకటి గర్భం. గర్భిణిలో హార్మోన్ల వల్ల కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి కూడా వాటిని నొక్కుతుంది, మూత్రం నిలవ ఉంటుంది. అక్కడ బాక్టీరియాను వదిలేస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్‌గా మారే అవకాశం ఎక్కువ. అందుకే గర్భం తొలి నెలల్లోనే కల్చర్ చేస్తారు. రెండోది, మూత్రమార్గం లోపల గీసుకునే అవకాశమున్న ఆపరేషన్‌కు ముందు. ఈ రెండూ కాకపోతే, షుగర్ ఉన్నా సరే, లక్షణాలు లేని కల్చర్ రిపోర్టుకు సాధారణంగా మందు అక్కర్లేదు. మూత్రం వాసన వస్తోందనో, మబ్బుగా ఉందనో మాత్రమే యాంటీబయాటిక్ వేసుకోకూడదు. తక్కువ నీళ్లు తాగినా వాసన వస్తుంది.

మరి మీకు రిపోర్టు లేకుండానే ఎందుకిచ్చారు? ఎందుకంటే మీ లక్షణాలే సగం రిపోర్టు. కొత్తగా మొదలైన మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, యోనిలో దురద గాని స్రావం గాని లేకపోవడం, ఈ మూడూ కలిసి ఒక స్త్రీలో కనిపిస్తే అది మూత్రాశయ ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం 90 శాతం పైనే. కల్చర్‌కి ఒకటి రెండు రోజులు, ఏ మందుకు లొంగుతుందో చెప్పడానికి ఇంకో రోజు పడుతుంది. అంతసేపు ఆ మంట భరించమనడం న్యాయం కాదు. మొదటిసారి వచ్చే సాదా ఇన్ఫెక్షన్‌కి చాలాసార్లు కల్చర్ కూడా అక్కర్లేదు. మీకు మూడోసారి, పైగా ఒక మందు పనిచేయలేదు, అందుకని పంపారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీ డాక్టర్‌కి చెప్పారో లేదో చూసుకోండి. మిగిలిన మాత్రలు వేసుకున్నాక శాంపిల్ ఇచ్చారు. యాంటీబయాటిక్ రెండు మోతాదులు పడ్డాక ఇచ్చిన మూత్రంలో బాక్టీరియా ఉన్నా ప్లేటు మీద పెరగకపోవచ్చు. 'నో గ్రోత్' అని వస్తే, ఇన్ఫెక్షనే లేదని అర్థం చేసుకోకండి. ఏ మాత్ర, ఎప్పుడు వేసుకున్నారో చెబితే ఆ రిపోర్టును ఎలా చదవాలో డాక్టర్‌కి తెలుస్తుంది.

శాంపిల్ ఇచ్చే పద్ధతి కూడా చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పరు. నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార డబ్బాలో పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. డబ్బా అంచు ఒంటికి తగలకూడదు, మూత లోపలివైపు వేలు పెట్టకూడదు. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడిగా ఉన్న చోట నాలుగు గంటలు కూర్చున్న డబ్బాలో బాక్టీరియా తమ పని తాము చేసుకుపోతాయి, వెయ్యి ఉన్నవి లక్షలవుతాయి. ప్లేటు మీద మూడు నాలుగు రకాల చుక్కలు కలగాపులగంగా లేస్తే అది చర్మం మీదివి కలిసిన శాంపిల్ అని మాకు చూడగానే తెలిసిపోయేది. మామూలు మూత్రపరీక్షలో ఎపిథీలియల్ సెల్స్, అంటే చర్మపు పొర కణాలు ఎక్కువున్నాయంటే అప్పుడూ అదే అనుమానం. పస్ సెల్స్, అంటే చీము కణాలు 8 నుంచి 10 అని వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని కాదు. యోని స్రావం కలిసినా, కిడ్నీలో రాయి ఉన్నా పస్ సెల్స్ కనిపిస్తాయి. పస్ సెల్స్ నిండా ఉండి కల్చర్ మళ్లీ మళ్లీ ఖాళీగా వస్తుంటే లైంగికంగా సంక్రమించే జబ్బులూ, మూత్రవ్యవస్థలో క్షయ వంటివీ వెతకాలి.

మూత్రంలో కాగితపు పట్టీ ముంచి రంగు చూసే స్ట్రిప్ పరీక్షలో నైట్రైట్ అని ఒక గడి ఉంటుంది. ఈ.కోలై లాంటివి మూత్రంలోని నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి, కానీ దానికి నాలుగు గంటలైనా మూత్రం లోపల నిలవాలి. అరగంటకోసారి పరిగెత్తే మనిషి మూత్రంలో అది ఎలా తేలుతుంది? పైగా ఎంటరోకాకస్ వంటి కొన్ని బాక్టీరియా నైట్రైట్ చేయనే చేయవు. పాజిటివ్ వస్తే నమ్మచ్చు, నెగటివ్ వస్తే పూర్తిగా నమ్మలేం.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల మాట. శుభ్రత లేక వస్తుందన్నది వినీ వినీ విసిగిపోయాను. రోజుకి రెండుసార్లు స్నానం చేసే వాళ్లకీ వస్తుంది. స్త్రీలలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది, సగం మంది ఆడవాళ్లు శుభ్రత లేనివాళ్లా?

సాదా ఇన్ఫెక్షన్లలో నూటికి 75కి పైగా ఈ.కోలై వల్లే. ఇది మన పెద్దపేగులో ఎప్పుడూ ఉండేదే. 1885లో థియోడోర్ ఎషెరిష్ అనే డాక్టర్ దీన్ని మొదట వర్ణించింది కూడా పసిపిల్లల మలంలోనే. పేగులో ఉన్నంతకాలం మనకి హాని లేదు. చిక్కల్లా చోటు మారినప్పుడే. స్త్రీలలో మలద్వారం, యోని, మూత్రమార్గం పక్కపక్కనే ఉంటాయి. మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. ఆ నాలుగు సెంటీమీటర్లు దాటితే చాలు, మూత్రాశయం.

మూత్రం ధారగా కొట్టుకుపోతుంటే బాక్టీరియా లోపల ఎలా నిలుస్తుందని మీకు అనుమానం రావాలి. ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలైకి ఒంటి నిండా సన్నటి నూగు లాంటి పోగులు ఉంటాయి. ఆ పోగు కొసన ఉండే ప్రొటీన్, మూత్రాశయం లోపలి పొర మీద ఉండే మానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. ధార ఎంత జోరుగా ఉంటే అంత గట్టిగా పట్టుకునే గుణం దానిది. కొన్ని ఆ పొర కణాల లోపలికే దూరి దాక్కుంటాయి. మందుతో తగ్గాక వారాల తర్వాత అదే బాక్టీరియా మళ్లీ లేవడానికి అదొక కారణం. ఇంకొన్నింటికి వేరే రకం పోగులు ఉంటాయి, అవి కిడ్నీ పొరను పట్టుకోవడానికి పనికొస్తాయి. సబ్బుతో ఎంత కడిగినా ఈ పట్టు మీద ప్రభావమేమీ ఉండదు. లోపలిదాకా సబ్బులూ, సువాసన ద్రావకాలూ పెట్టి కడిగితే ఇంకా నష్టం. యోనిలో ఉండే మంచి బాక్టీరియా, లాక్టోబాసిల్లస్, అక్కడ ఆమ్లగుణం నిలబెట్టి ఈ.కోలైని దూరంగా ఉంచుతాయి. వాటిని కడిగేసుకుంటే కాపలా పోయినట్టే.

మీ వయసులో పదేపదే రావడానికి పెద్ద కారణం లైంగిక సంబంధం. ఆ రాపిడికి బయటి బాక్టీరియా లోపలికి నెట్టబడుతుంది. ఇందులో తప్పెవరిదీ లేదు. భర్త నుంచి అంటుకునే రోగమూ కాదిది. స్పెర్మిసైడ్, అంటే వీర్యకణాలను చంపే రసాయనం పూసిన కండోమ్‌లు, జెల్లులు వాడితే మాత్రం రిస్క్ పెరుగుతుంది, ఎందుకంటే ఆ రసాయనం లాక్టోబాసిల్లస్‌నే చంపుతుంది. మీ అమ్మగారికి గాని మీకు గాని చిన్నప్పటి నుంచి ఇలా వచ్చే చరిత్ర ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. కొందరి మూత్రాశయ పొరకే ఈ పోగులు సులువుగా అంటుకుంటాయి. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి లాక్టోబాసిల్లస్ పలచబడతాయి, అందుకే ఆ వయసులో మళ్లీ ఒక విడత పెరుగుతుంది. రాళ్లు, మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడం, అదుపులో లేని షుగర్, మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం, మూత్రం పోవడానికి పెట్టే గొట్టం కాథెటర్, ఇవన్నీ వేరే దారిలో తెచ్చేవి. కాథెటర్ పెట్టిన ప్రతి రోజుకీ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. ఆసుపత్రిలో ఎవరికైనా కాథెటర్ ఉంటే రోజూ అడగాల్సిన ప్రశ్న, ఇంకా దీని అవసరం ఉందా అని.

కిడ్నీల సంగతి. మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌లో జ్వరం ఉండదు. మంట, మాటిమాటికీ రావడం, వచ్చిందంటే ఆపుకోలేకపోవడం, వెళితే నాలుగు చుక్కలే, పొత్తికడుపులో బరువు, ఒక్కోసారి రక్తపు చార. అంతవరకే. కిడ్నీ నుంచి వచ్చే గొట్టాలు మూత్రాశయంలో ఏటవాలుగా దిగి, నిండినప్పుడు మూసుకునేలా ఉంటాయి. అందుకని చాలామందిలో ఇన్ఫెక్షన్ కింద దగ్గరే ఆగిపోతుంది. ఎక్కినప్పుడు మాత్రం పోల్చుకోవడం కష్టం కాదు. వణుకుతో చలిజ్వరం, ఒకవైపు నడుముకి పైన, పక్కటెముకల కింద నొప్పి, వాంతులు. అప్పుడు ఇంట్లో చిట్కాలు పెట్టుకోకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వాంతుల వల్ల మందు నిలవకపోయినా, గర్భిణి అయినా, మగతగా ఉన్నా, మూత్రం బాగా తగ్గిపోయినా ఆసుపత్రిలో చేరాల్సిందే. రాయి అడ్డుపడి ఉండగా జ్వరం వచ్చిందంటే గంటలు లెక్కపెట్టాల్సిన ఎమర్జెన్సీ. అడ్డు తీయకుండా ఎంత యాంటీబయాటిక్ ఎక్కించినా లాభం ఉండదు.

మీలాంటి ఆరోగ్యవంతురాలిలో మూత్రాశయ ఇన్ఫెక్షన్లు మూడొచ్చినా ముప్పై వచ్చినా వాటివల్లే కిడ్నీలు చెడిపోవు. ఆ టెన్షన్ వదిలేయండి. జాగ్రత్త పడాల్సింది పసిపిల్లల విషయంలో. కొందరు పిల్లల్లో మూత్రం వెనక్కి, కిడ్నీల వైపు తన్నే లోపం ఉంటుంది, వాళ్లలో కిడ్నీ మీద మచ్చలు పడతాయి. పసివాళ్లు మంట అని చెప్పలేరు. జ్వరానికి దగ్గూ జలుబూ లాంటి కారణమేదీ కనిపించకపోతే మూత్రం పరీక్ష చేయించాలి. కాస్త పెద్ద పిల్లల్లో మలబద్ధకం చాలాసార్లు అసలు దోషి, దాన్ని సరిచేస్తే ఇన్ఫెక్షన్లు వాటంతటవే తగ్గుతాయి.

మందుల దగ్గరికి వద్దాం. కింది ఇన్ఫెక్షన్‌కి ఇప్పుడు ముందుగా ఆలోచించేవి పాత మందులే. నైట్రోఫ్యూరాంటాయిన్ 1950ల నుంచీ వాడుకలో ఉంది, అయిదు రోజులు వేసుకుంటే చాలు. తిన్న తర్వాత వేసుకోవాలి, మూత్రం ముదురు రంగులో వస్తే కంగారు పడక్కర్లేదు. ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి, నీళ్లలో కలిపి ఒకే ఒక్కసారి. ఈ రెండూ మూత్రాశయంలో బాగా పనిచేస్తాయి, కిడ్నీ కణజాలంలో చాలినంత చేరవు. అందుకే కల్చర్ రిపోర్టులో నైట్రోఫ్యూరాంటాయిన్ ఎదురుగా 'ఎస్' (లొంగుతుంది) అని ఉన్నా, చలిజ్వరంతో ఉన్న మనిషికి అది పనికిరాదు. ఆ 'ఎస్', 'ఆర్' (లొంగదు) అక్షరాలు ప్లేటు మీద మందు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం వెడల్పును బట్టి వేసేవి. ఆ బిళ్లకి జ్వరం తెలీదు, గర్భం తెలీదు, కిడ్నీ పనితీరూ తెలీదు. రిపోర్టు పట్టుకుని నేరుగా మెడికల్ షాపుకి వెళ్లకూడదనేది అందుకే. నైట్రోఫ్యూరాంటాయిన్‌నే చూడండి, కిడ్నీల పనితీరు బాగా తగ్గినవాళ్లకీ, కాన్పు దగ్గరపడినవాళ్లకీ, జి6పిడి అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకీ ఇవ్వరు.

సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం ఒకప్పుడు ప్రతి మంటకీ రాసేవాళ్లం, నేనూ రాశాను. స్నాయువులు తెగడం, నరాల బాధలు లాంటి దుష్ఫలితాల వల్ల 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వేరే మందు కుదిరే సాదా ఇన్ఫెక్షన్లకు వీటిని వాడొద్దని చెప్పింది. అతిగా వాడటం వల్ల చాలా ఈ.కోలై వీటికి లొంగడం కూడా మానేశాయి.

మీ మిగిలిన మాత్రలు ఎందుకు పనిచేయలేదంటే మూడింట్లో ఏదో ఒకటి. ఈసారి బాక్టీరియా వేరేదై ఉండొచ్చు, లేదా అదే అయినా ఆ మందుకు అలవాటు పడి ఉండొచ్చు, లేదా మిగిలిన మాత్రలు చికిత్సకు చాలకపోయి ఉండొచ్చు. కోర్సు మధ్యలో ఆపితేనే బాక్టీరియా ముదురుతుందని మేమే ఏళ్ల తరబడి చెప్పాం కానీ, అది పూర్తి నిజం కాదు. ఎన్ని రోజులు వేసుకున్నా, ప్రతి యాంటీబయాటిక్ మీ పేగులోని బాక్టీరియాలో లొంగనివాటిని ఏరి మిగులుస్తుంది. తర్వాతి ఇన్ఫెక్షన్ వచ్చేది ఆ పేగులోంచే. అందుకే ఇప్పుడు కోర్సులు కుదించారు, మూడు రోజులు, అయిదు రోజులు. అలా కుదించిన కోర్సును మాత్రం మీరు ఇంకా కత్తిరించకండి. మాత్రలు మిగిలితే దాచకండి.

మంట తగ్గడానికి ఇచ్చే తియ్యటి సిరప్‌లు మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, కొందరికి కాస్త హాయిగా ఉంటుంది, బాక్టీరియాను మాత్రం చంపవు. నైట్రోఫ్యూరాంటాయిన్ ఆమ్ల మూత్రంలోనే బాగా పనిచేస్తుంది, కాబట్టి రెండూ కలిపి వాడేముందు అడగండి. ఫినాజోపిరిడిన్ అనే మంట మాత్ర మూత్రాన్ని ముదురు నారింజ రంగులోకి మారుస్తుంది. ఆ సంగతి చెప్పడం మర్చిపోయి ఒకసారి రాసిచ్చాను. అర్ధరాత్రి ఫోన్, రక్తం పోతోందని ఏడుపు. అప్పటినుంచి రంగు సంగతి చెప్పాకే చీటీ చేతికిస్తాను.

మందు మొదలుపెట్టిన రెండు రోజుల్లో మంట స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే కల్చర్ రిపోర్టుతో మళ్లీ కలవాలి. తగ్గితే, 'శుభ్రమైందా లేదా' అని ఇంకో కల్చర్ చేయించకండి. గర్భిణులకే అది అవసరం. చేయిస్తే మీ అమ్మగారి లాంటి రిపోర్టు మీకూ రావచ్చు, అక్కణ్ణుంచి మళ్లీ కొత్త చిక్కు.

మంట అన్నదల్లా ఇన్ఫెక్షన్ కాదని కూడా గుర్తుంచుకోండి. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు మండుతూ, దురద, తెల్లటి స్రావం ఉంటే అది చాలాసార్లు యోని ఫంగస్. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్లలో మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఈ ఫంగస్ ఎక్కువ. నెలల తరబడి మంటా, నిండగానే నొప్పీ ఉండి కల్చర్లన్నీ ఖాళీగా వస్తే అది బాక్టీరియా లేని మూత్రాశయ నొప్పి కావచ్చు, దానికి యాంటీబయాటిక్స్ దండగ. నలభై దాటినవాళ్లలో నొప్పి లేకుండా ఎర్రగా వస్తే, ఒక్కసారి కనిపించి ఆగిపోయినా, యూరాలజిస్ట్ చూడాలి. మూత్రాశయ క్యాన్సర్ తొలి గుర్తు అలాగే ఉంటుంది. మగవాళ్లలో ఇన్ఫెక్షన్ వస్తే ప్రోస్టేట్‌ని కూడా చూడాలి, అది వాచి ఉంటే మందు వారాల పాటు వాడాల్సి వస్తుంది.

ఇక మళ్లీ రాకుండా. ఆరు నెలల్లో రెండు గాని, ఏడాదిలో మూడు గాని వస్తే పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటాం, మీరు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. అన్నిటికన్నా ముందు నీళ్లు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలలో సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా తాగినవాళ్లకు 3.2 సార్లు వచ్చింది. నీళ్లు తక్కువ తాగే అలవాటున్న మనిషికి ఇంతకన్నా తేలికైన చికిత్స లేదు. ఇప్పటికే మూడు లీటర్లు తాగేవాళ్లు ఇంకా తాగినందువల్ల ఇదే లాభం వస్తుందని కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే.

కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం మంచి అలవాట్లే, నేనూ చెబుతాను. కానీ ఇవి ఇన్ఫెక్షన్లను తగ్గిస్తాయని అధ్యయనాల్లో గట్టిగా తేలలేదు. ఇవన్నీ చేసినా వస్తోందంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. స్పెర్మిసైడ్ వాడుతుంటే వేరే పద్ధతికి మారండి. క్రాన్‌బెర్రీ ఉత్పత్తులు పదేపదే వచ్చే స్త్రీలలో కొంత తగ్గిస్తాయి, వచ్చిన ఇన్ఫెక్షన్‌ని నయం చేయవు. డి-మానోజ్ పొడి గురించి చాలా ప్రచారం జరిగింది. బాక్టీరియా పోగులు మానోజ్‌నే పట్టుకుంటాయి కాబట్టి ఆలోచన బాగుంది, కానీ 2024లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో లాభం కనిపించలేదు. మెథనమైన్ హిప్పురేట్ యాంటీబయాటిక్ కాదు, ఆమ్ల మూత్రంలో విడిపోయి బాక్టీరియాను చంపే పదార్థం ఇస్తుంది. రోజూ చిన్న మోతాదు యాంటీబయాటిక్ వాడటంతో పోలిస్తే ఇది ఏమంత తీసిపోదని 2022లో తేలింది. మీ విషయంలో నాకైతే నీళ్ల తర్వాత దీనివైపే మొగ్గు. కలయికకీ ఇన్ఫెక్షన్‌కీ సంబంధం స్పష్టంగా కనిపిస్తే, ఆ తర్వాత ఒక్క మోతాదు యాంటీబయాటిక్ వేసుకునే పద్ధతి కూడా ఉంది. అది డాక్టర్‌తో మాట్లాడి, ఒక గడువు పెట్టుకుని చేయాలి.

ఈ మూడుసార్లూ ఎప్పుడెప్పుడు వచ్చింది, దానికి ముందు రెండు రోజుల్లో ఏం జరిగింది, ఏ మందు ఎన్ని రోజులు వేసుకున్నారు, కల్చర్‌లో ఏం వచ్చింది, ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. మూడుసార్లూ ఒకే బాక్టీరియా, మందు ఆపిన రెండు వారాల లోపే వస్తోందంటే లోపల రాయి లాంటిదేదో ఉందేమోనని స్కాన్ చేయిస్తాం. ముఖ్యంగా ప్రోటియస్ అనే బాక్టీరియా పేరు కనిపిస్తే. అది మూత్రాన్ని క్షారంగా మార్చి తన చుట్టూ తానే రాయి కట్టుకుంటుంది, ఆ రాయి లోపల మందుకు అందకుండా కూర్చుంటుంది. నెలల ఎడంతో, వేర్వేరు బాక్టీరియాతో వస్తుంటే అవి కొత్తగా వస్తున్న ఇన్ఫెక్షన్లు, స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనిపించదు.

అమ్మగారికి నెలసరి ఆగాక ఇన్ఫెక్షన్లు లక్షణాలతో పదేపదే వస్తే, యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది, గైనకాలజిస్ట్‌ని అడగండి. ప్రస్తుతానికి ఆవిడకు అదీ అక్కర్లేదు. పెద్దవయసులో కాస్త మగతగానో, తికమకగానో ఉంటే వెంటనే మూత్రం మీదకి నెట్టేయడం చాలాచోట్ల జరుగుతోంది. నీళ్లు చాలకపోవడం, కొత్త మందులు, మలబద్ధకం కూడా చూడాలి. కొత్తగా మంట, జ్వరం, నడుము నొప్పి లాంటివి మొదలైతే అప్పుడు, మందు వేయకముందే, కొత్త శాంపిల్ ఇప్పించండి. ఇప్పటి రిపోర్టు తేదీ వేసి ఫైల్లో పెట్టండి, దాన్ని చూపించి ఎవరినీ మందు అడగకండి.